చెయ్యి వెతికే చోటు

2025 అక్టోబరు 14న మా ఇంట్లో కంప్యూటరుకు కాలం చెల్లింది. దానికి రోగమేమీ లేదు. పొద్దున్నే మీట నొక్కితే ఎప్పట్లాగే గుర్రుమంటూ లేచింది. కాకపోతే ఆ రోజుతో విండోస్ 10కి మందూమాకూ ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ వాళ్ళు ముందే చెప్పారు. పదకొండు వేసుకుందామంటే మా డబ్బాలో అదేదో భద్రతా చిప్పు లేదట, ప్రాసెసరు కూడా ముసలిదట. సత్తెనపల్లి తీసుకెళ్ళి చూపిస్తే రిపేరు కుర్రాడు మూత కూడా విప్పకుండానే, “దీన్నింక తూకానికి వేసుకోటమే సార్” అన్నాడు. నేను రిటైరై ఆరేళ్ళయింది. ఆ తూకం మాట నాకు నచ్చలేదు. డబ్బాని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ బెల్లంకొండ బస్సెక్కాను.

దీపావళికి హైదరాబాదు నుంచి మా అన్నకొడుకు వచ్చాడు. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, మా ఆవిడ అరిసెలు వేయించి తీసేలోపు లినక్స్ మింట్ అనేదాన్ని మా డబ్బాలోకి ఎక్కించాడు. “పైసా ఖర్చు లేదు బాబాయ్. వైరస్ గొడవ పెద్దగా ఉండదు. పాత డబ్బాల్లో కూడా బాగా నడుస్తది” అని చెప్పి మర్నాడు బస్సెక్కి పోయాడు. అప్పట్నించి నేనూ అదీ మిగిలాం.

వాడు చెప్పింది అబద్ధం కాదు. డబ్బాకి ప్రాణం లేచొచ్చింది. కానీ రోజూ వాడేవాడికి కొన్ని కోరికలు పుడతాయి. వాటిని పాల లెక్క పుస్తకంలో వెనక పేజీ నుంచి రాసుకుంటూ వస్తున్నాను. ముందు నుంచి పాల లెక్క, వెనక నుంచి లినక్సు లెక్క. ఆదివారం ఫోన్లో వాడికి చదివి వినిపిస్తాను. వాడు “ఊఁ, ఊఁ” అంటాడు. ఆ ఊఁలో ఎంత ఓపికుందో, ఎంత ఆవలింత ఉందో కనిపెట్టే వయసే నాది.

మొదట రాసుకున్న కోరిక చాలా చిన్నది. నేను ఏ భాషలో కొడుతున్నానో కంప్యూటరు నాకు చెప్పాలి. తెలుగుకీ ఇంగ్లీషుకీ మారే మీటలు ఉన్నాయి. ఏది నడుస్తోందో చెప్పే గుర్తు కూడా ఉంది, తెర కింద కుడిమూలన, చీమ తలకాయంత. నా చూపేమో కీబోర్డు మీద ఉంటుంది. నాలుగు వాక్యాలు కొట్టి తలెత్తేసరికి తెర నిండా ఇంగ్లీషు అక్షరాల పుట్ట. ఆ గుర్తేదో నేను కొట్టే చోటనే, మెరిసే గీత పక్కన పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఇంతకీ నేను కొట్టేదేమిటంటే, ముంపు ఊళ్ళ సంగతులు. మా మండలానికి పులిచింతల జలాశయం తెలియంది కాదు. కాగితాల మీద డాక్టర్ కె.ఎల్. రావు సాగర్, 45.77 టీఎంసీల నీళ్ళు. ఆ నీళ్ళ కింద కోళ్ళూరు ఉంది. కోహినూరు దొరికిందని చెప్పుకునే గనులు అక్కడివే. కోహినూరు గురించి లోకమంతా రాసింది గనక దాని జోలికి నేను పోను. ఆ ఊళ్ళలో ఎవరి దొడ్లో ఏ చెట్టుండేది, రామాలయం అరుగు మీద ఎవరు కూర్చునేవాళ్ళు, ఇలాంటివే నాకు కావాలి. పునరావాస కాలనీలకు పోయి, పెద్దవాళ్ళ మంచాల పక్కన కూర్చుని విని, ఇంటికొచ్చి కొడుతుంటాను.

కొట్టింది చదవటానికి కంటికింపుగా ఉండాలి కదా. ఇక్కడ లినక్సు నన్ను ఆశ్చర్యపరిచింది. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లను మావాడు అందులో వేసిపెట్టాడు. జాబితా తెరిస్తే భువనవిజయమే. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, తెనాలి రామకృష్ణ, వీళ్ళందరికీ పైన శ్రీకృష్ణదేవరాయ. 1515లో గజపతుల మీదికి దండెత్తి వచ్చినప్పుడు రాయలు కొండవీటితోపాటు మా బెల్లంకొండ కోట కూడా పట్టాడు. అయిదొందల ఏళ్ళ తర్వాత మళ్ళీ మా ఊరొచ్చాడు, ఈసారి కవుల్ని కూడా వెంటబెట్టుకుని. ధూర్జటిలో మా ఆవిడ కిరాణా చీటీ కొట్టి చూశాను. మినప్పప్పుకి అంతటి గాంభీర్యం వస్తుందని అనుకోలేదు. దేశికాచారి గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు అంతకుముందే ఉన్నాయి. కంప్యూటర్లో తెలుగు కనపడితే చాలనుకున్న రోజుల్లో మా కళ్ళకు అవే దిక్కు.

చిక్కల్లా సభ ఒక్కచోట తీరకపోవటం. ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలో నిలబడి ఉంటాయి. ధూర్జటి పైనెక్కడో, తిమ్మన కిందెక్కడో, మధ్యలో థాయి, ఒడియా, ఇంకా నాకు పేరు తెలియని లిపులు. జన్మలో నేను థాయిలో ఉత్తరం రాయను. తెలుగు కొట్టేవాడికి ముందు తెలుగు ఫాంట్లు చూపించి, తక్కినవి “ఇంకా ఉన్నాయి” అని తలుపు వెనక పెడితే ఎంత హాయి! ఇది రెండో కోరిక.

మూడోది ఒత్తుల గోడు. ఇంగ్లీషు అక్షరం గోడ మీద వరసగా పేర్చిన చెంబు లాంటిది. మన అక్షరం గుమ్మడి పాదు. పైకి గుడి పాకుతుంది, కిందికి ఒత్తు దిగుతుంది, ఒత్తు కింద ఇంకో ఒత్తు. చెంబుల కోసం కట్టిన అరలో పాదుని ఇరికిస్తే ఏమవుతుంది? మెనూల్లో, కిటికీల నెత్తిన పేర్లలో “రాష్ట్రం” కాళ్ళు తెగి కనిపిస్తుంది, “స్త్రీ” సంగతి చెప్పక్కర్లేదు. అక్షరం పెంచుకునే వీలుంది. పెంచితే ఇంగ్లీషు కూడా పెరిగి తెరంతా తనే కూర్చుంటుంది. తెలుగొక్కదాన్నే ఒక పిసరు పెంచి, పంక్తికీ పంక్తికీ మధ్య కాస్త జాగా వదలమని నా మనవి. మన అక్షరాలతో తంటా లినక్సుకే అనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో ఒక్క “జ్ఞా” దెబ్బకి ఐఫోన్లు సోలిపోయాయి. ఎవరైనా సందేశంలో ఆ అక్షరం పంపిస్తే చాలు, చూపించబోయి అప్లికేషన్లు కూలబడేవి. ఆపిల్ వాళ్ళు హడావుడిగా మరమ్మతు పంపారు. లక్షరూపాయల ఫోనుకి జ్ఞానం పడలేదని మా స్టాఫు రూములో వారం రోజులు నవ్వుకున్నాం.

ఇక మాటలు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళూ, పేరు కూడా చెప్పుకోని ఇంకెందరో ఏళ్ళ తరబడి కూర్చుని లినక్సు చేత తెలుగు పలికించారు. పుణ్యం కట్టుకున్నారు. వాళ్ళు ఫైలుని “దస్త్రం” అన్నారు. ఆ మాట చూసి నా ప్రాణం లేచొచ్చింది. నా చిన్నప్పుడు మా వీధిలో కరణంగారి ఇంట్లో, గుడ్డలో మూటగట్టిన దస్త్రాలు దూలం పక్కన అటక మీద ఉండేవి. 1984లో రామారావు ప్రభుత్వం కరణీకాలు తీసేశాక ఆ మాట కూడా ఊళ్ళోంచి పోయింది. పోయిందనుకున్నది తెర మీదికొచ్చి కూర్చుంది. అదే చేత్తో వాళ్ళు ఫోల్డర్ని “సంచయం” అన్నారు. పల్నాట్లో సంచయం అన్నవాణ్ణి నేను చూడలేదు. నిఘంటువులో తప్పు లేదు, నాలుక మీద లేదంతే. సంచి అంటే పోయేది. దస్త్రాలు సంచిలో పెట్టుకోవటం ఎవరికి తెలియదు? పైగా ఒకచోట దస్త్రం, ఇంకోచోట ఫైలు. మెనూలో పై మూడు వరసలు తెలుగు, కింది రెండు ఇంగ్లీషు. సగం మీసం గీసుకుని లేచొచ్చిన పెళ్ళికొడుకులా ఉంటుంది. మీసం ఉంచినా సరే, తీసినా సరే.

ప్రింటరు విషయంలో వంక పెట్టను. విండోస్‌లో దాని సీడీ కోసం ఇల్లంతా వెతికేవాళ్ళం. ఇక్కడ తీగ తగిలించగానే గుర్తుపట్టింది. పలక్కపోయిన రోజున మాత్రం అది చెప్పే కారణం “ఫిల్టర్ ఫెయిల్డ్”. మా ఆవిడకి చదివి వినిపిస్తే, “నిన్ననే గదా ఫిల్టరు నీళ్ళ డబ్బా తెప్పించింది” అంది. కాగితం ఇరుక్కుందా, సిరా అయిపోయిందా, నా తప్పా, దాని తప్పా, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి చెప్పమనండి.

ఇవన్నీ చదివినప్పుడు ఒక ఆదివారం మావాడు కాస్త విసుక్కుని, “కోరికలు రాగానే తీర్చటానికి వాళ్ళేమన్నా జీతగాళ్ళా బాబాయ్, చాలామంది ఊరికే చేస్తారు” అన్నాడు. నిజమే. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని ఉప్పు తగ్గిందనే బాపతు నేను. అప్పుడు వాడే ఒక ముచ్చట చెప్పాడు. లినక్సులో గ్నోమ్ అనే పెద్ద డెస్క్‌టాప్ ఒకటుంది. అందులో ఏదైనా ఫొటో పంపాలంటే తెరుచుకునే పెట్టెలో ఒకప్పుడు ఫొటోల పేర్లే కనపడేవి గాని ఫొటోలు కనపడేవి కావు. చిన్న బొమ్మలుగా చూపించండని 2004లోనే అడిగారట. అవి 2023 మార్చిలో, గ్నోమ్ 44తో వచ్చాయట. పంతొమ్మిదేళ్ళు! నాకు చప్పున వెలిగింది. ఎప్పట్నించో నానుతున్న పులిచింతలకు మళ్ళీ శంకుస్థాపన చేసి పని మొదలెట్టింది ఆ 2004లోనే. 2013 డిసెంబరులో ఆనకట్టని జాతికి అంకితం చేశారు. కృష్ణానదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, ఆపైన ఇంకో తొమ్మిదేళ్ళు గడిస్తే గాని ఆ పెట్టెలో బొమ్మలు కనపడలేదన్నమాట. నా మింట్‌లో ఇప్పటికీ పేర్లే. ఒకదాని మీద నొక్కితే పక్కన ఆ ఒక్క బొమ్మ చూపిస్తుంది. కాలనీల్లో తీసిన ఫొటోలకి ఫోను పెట్టిన పేర్లన్నీ అంకెలే. వాటిల్లో ఏ ముసలమ్మ ఏ అంకె అన్నది నాకెట్టా తెలుస్తుంది?

ఇంత చెప్పాక, పుస్తకంలో రాయని కోరిక ఒకటుంది. రాయబోతే అది కోరికలాగా ఉండదు.

కాలనీలో ఒక పెద్దాయన ఉన్నాడు. కొత్త ఇల్లు బాగానే కట్టుకున్నాడు. సిమెంటు రోడ్డు, ఇంట్లోకే కుళాయి. పాత ఊళ్ళో ఈ రెండూ లేవని తనే చెప్పాడు. “అన్నీ బాగానే ఉన్నయ్ పంతులుగారూ. రాత్తిరిపూట లేస్తే చెయ్యి మాత్రం ఇంకా పాత గోడ మీదికే పోతది. ఆడ దీపం గూడు ఉండేది” అన్నాడు. గోడ ఇప్పుడు ఎన్ని బారల నీళ్ళ కింద ఉందో! చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

డెస్క్‌టాపులు చేసేవాళ్ళు ఈ చేతిని లెక్కలోకి తీసుకోరు. 2010లో ఉబుంటు అనే ఇంకో లినక్సు వాళ్ళు కిటికీ మూసే గుండీని కుడిపక్క నుంచి ఎడంపక్కకు మార్చారు. 2011లో గ్నోమ్ 3 వచ్చి కింది పట్టీ తీసేసింది, కిటికీని కిందికి దించే గుండీ తీసేసింది. ఇది మేలైన పద్ధతి, అలవాటు పడితే మీకే తెలుస్తుంది అన్నారు. మేలైనదే కావచ్చు. లినక్సుకి పురుడు పోసిన లినస్ టోర్వాల్డ్సే అలిగి కొన్నాళ్ళు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో ఇంట్లో కాపురం పెట్టాడు. ఆయన చెయ్యి కూడా పాత గోడ మీదికే పోయినట్టుంది.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. పాత గ్నోమ్‌ని ఎవరూ ముంచలేరు. దాని మూలమంతా బయటే ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు. అర్జెంటీనాలో ఒకాయన పాత గ్నోమ్ 2ని తీసుకుని మాటే అని పేరు పెట్టాడు. అది వాళ్ళ దేశంలో తాగే ఒక ఆకు కషాయం పేరు. మింట్ వాళ్ళు కొత్త గ్నోమ్ సామాన్లతోనే పాత పద్ధతి ఇల్లు కట్టి సినమన్ అన్నారు, అంటే దాల్చినచెక్క. నేను వాడేది అదే. పుదీనా ఊళ్ళో దాల్చినచెక్క ఇంట్లో ఉంటున్నాను. ముంపు ఊళ్ళవాళ్ళు నీళ్ళు రాకముందే పాత ఇళ్ళ ద్వారబంధాలూ దూలాలూ ఊడదీసి బండ్లకెత్తుకుని, కొత్త ఇళ్ళకి బిగించుకున్నారు. సిమెంటు గోడకి వందేళ్ళ టేకు ద్వారబంధం. మాటే, సినమన్ అలాంటి ఇళ్ళు. చూడటానికి పొందిక ఉండదు. గడప మాత్రం కాలికి తెలుసు.

వేసవిలో మాకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మా యూపీఎస్ ఈలేసి ఊరుకుంటుంది. కరెంటొచ్చాక కంప్యూటరు పెడితే తెర ఖాళీ. రాతపని చేసే లిబ్రే ఆఫీసు పోయిన కాగితాన్ని వెతికి తెచ్చి ఇస్తుంది, దాన్ని మెచ్చుకోవాలి. కానీ ఆ కాగితం పక్కన ఫొటో తెరిచి ఉంచాను, దాని పక్కన ఊరి పటం, కింద ఇంకో చిత్తు. ఎక్కడివక్కడ మళ్ళీ పెట్టమంటే నా దానికి చేతకాదు. మా ఆవిడ ఊరెళ్ళి పదిరోజులకి వచ్చినా చీకట్లో వంటింట్లోకి పోయి ఉప్పు జాడీ మీద చెయ్యి వేస్తుంది. దాని చోటది. నేనొకసారి ఇల్లు సర్దిపెడతానని ఆ జాడీని పై అరలో పెట్టాను, అందంగా, కారం డబ్బా పక్కన. ఆ పూట నాకు దక్కింది భోజనం కాదు.

మొన్న ఆదివారం నేను పుస్తకం తెరవకముందే మావాడే మొదలెట్టాడు.

“బాబాయ్, కొత్త వెర్షన్ వచ్చింది. మెనూ మొత్తం మార్చారు. చాలా బాగుంది.”

“ఇప్పుడున్నదానికేమైందిరా?”

“ఏం కాలా. ఇది ఇంకా బాగుంటది.”

“పాతది ఉంచుకోవచ్చా?”

కాసేపు అటువైపు మీటల చప్పుడు వినపడింది.

“ఏదో ఒక దారుంటది బాబాయ్. సెట్టింగుల్లో యాడో ఉండే ఉంటది. చూసి చెప్తా.”

“ఫోన్లో చెప్పమాక. యాడుందో, ఏది నొక్కాలో కాగితం మీద రాసి పోస్టులో పంపించు” అన్నాను. “ఉప్పు జాడీ కింద పెట్టుకుంటా.”