పటేల్ చౌక్‌లో ఈమని వారు

పటేల్ చౌక్ మెట్రోలో దిగి ఆకాశవాణి భవన్ ముందు నుంచి రోజూ పోయే మన తెలుగువాళ్లలో ఎంతమందికి వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు గుర్తొస్తారో! 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. నాన్నగారు అచ్యుతరామశాస్త్రి గారే గురువు. మద్రాసులో జెమినీ స్టూడియో, రేడియో, ఆ తర్వాత ఢిల్లీ. ఇక్కడ ఆకాశవాణి వాద్యబృందానికి స్వరకల్పన చేశారు. అంటే హిందుస్తానీ వాళ్లనీ కర్ణాటకం వాళ్లనీ ఒక్కచోట కూర్చోబెట్టి ఒప్పించడం. మాటలా!

కొండ ఎక్కడాన్ని స్వరాల్లో కట్టిన ‘ఆదర్శ శిఖరారోహణం’ ఆయనదే. నాకు మాత్రం ఆయన ఒంటి వీణే ఇష్టం. నిన్న నోయిడా వెళ్తూ ఒక ఆలాపన విన్నాను. ఒక్క మీటు వేస్తారు. ఆ నాదం ఆరిపోయేలోగా ఎడమచేతి వేళ్లు అదే మెట్టు మీద తీగను పక్కకి లాగి మూడు నాలుగు స్వరాలు పలికించేస్తాయి. అచ్చం గొంతే.

చిట్టిబాబు గారు ఈయన శిష్యుడే. శిష్యుడి పేరు ఇంటింటికీ చేరింది, గురువుగారిది అంతగా చేరలేదు. నాకది కాస్త కడుపుమంటే.

శంకరశాస్త్రి గారు 1987లో పోయారు. రికార్డింగులు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఫోన్ స్పీకర్లో పెట్టకండి బాబూ, ఇయర్‌ఫోన్స్‌తో వినండి.