గీకేసిన పేరు

"అసలు గిబ్సనే మేడం, మా తమ్మునిది. బోరు ఎండిపాయ, డబ్బులు కావాల" అన్నాడు, అనంతపురం పాతూరులో ఎలక్ట్రిక్ గిటారు అమ్మజూపినాయన. పాఠాంతరాలు వెతికి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని, ఊరుకోగలనా? 1977 నుంచి చాలాకాలం గిబ్సన్‌ల తల వెనక ఎనిమిదంకెలు ఒత్తారు: మొదటిదీ అయిదోదీ కలిస్తే సంవత్సరం, మధ్య మూడూ ఆ ఏట ఎన్నో రోజో. దీనికి అంకెలే లేవు. దుమ్ము తుడిస్తే 'బి' కాదు, 'వి'. గివ్‌సన్, మన కలకత్తాది.

వీపున గీకేసిన అక్షరాలు వేలికి తగిలాయి. చివర 'మ్మ' మిగిలింది.

"చెల్లెలిదిలే. ఆడపిల్ల వాయించిందంటే ఎవురు కొంటారు?"

1887లో పీఠిక తీసేసి అచ్చేసిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పీఠికతో సహా వేసింది. ఆమెకు మూలప్రతి దొరికింది. నాకు?

"చెల్లెలి నంబరివ్వన్నా."

నోట్లు లెక్కపెడుతూ, "అదెందుకు మేడం?" అన్నాడు.