తిరగటం వేరు, అందుకోవటం వేరు

మా నాన్న లారీ డ్రైవరు. ఆ మాట చెప్పుకోవటానికి ఒకప్పుడు సంకోచించేవాణ్ణి. ఆ సంకోచం ఒక్క రాత్రిలో ఎలా పోయిందో ఇన్నాళ్ళకు రాయాలనిపించింది.

2004 మే నెల. మెకానికల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం పరీక్షలు రాసి, సెలవుల్లో నాన్నతో బయలుదేరాను. గూడూరు నుంచి హైదరాబాదుకు నిమ్మకాయల లోడు. తెల్లవారేసరికి మార్కెట్లో దిగకపోతే వేలం తప్పిపోతుంది. ఆలస్యానికి కోత పడేది నాన్న బత్తాలోనే. ఒంగోలు దాటాక ఒక దాబా దగ్గర భోజనానికి ఆగాము. తిరిగి వచ్చి తాళం తిప్పితే 'టక్'మని ఒక్క శబ్దం. అంతే.

నా సంచిలో మల్టీమీటరు ఉంది. చదువు చూపించుకునే అవకాశం వచ్చిందని లోలోపల సంతోషం కూడా కలిగింది. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపిన 24 వోల్టుల బండి అది. కొలిస్తే ఒక్కొక్కటి 12.6 చూపించింది. దీపాలు ప్రకాశవంతంగా వెలుగుతున్నాయి. "బ్యాటరీలు బాగున్నాయి నాన్నా. స్టార్టర్ మోటారే పోయింది. ఒంగోలు నుంచి మెకానిక్కుని పిలిపించు" అని తేల్చేశాను.

నాన్న ఏమీ అనకుండా ఓనరుకు ఫోను చేయటానికి దాబాలోకి వెళ్ళాడు. ఈలోగా నేను ఊరుకోలేక, డీజిల్లో నీళ్ళేమైనా చేరాయేమో చూద్దామని ఫిల్టరు అడుగు విప్పి, కాస్త డీజిలు పారబోసి మళ్ళీ బిగించాను. ఇంజనే తిరగనప్పుడు డీజిలుతో పనేమిటన్న ప్రశ్న నాకు తట్టనే లేదు.

తిరిగి వచ్చిన నాన్న అడిగిన మొదటి మాట: "తిరగటం లేదా, తిరిగి అందుకోవటం లేదా?"

రెండూ వేర్వేరు జబ్బులట. తిరగకపోతే కరెంటు దారి చూడాలి. తిరిగి అందుకోకపోతే డీజిలు దారి చూడాలి. ఒకటి తేలకుండా రెండోదాన్ని ముట్టుకోకూడదు.

క్లీనరును తాళం తిప్పమని, తను దీపాల వైపు చూశాడు. "లైట్లు పెద్దగా తగ్గలేదు చూశావా? మోటారు తిరగబోతే కరెంటును లాగేస్తుంది, లైట్లు మసకబారాలి. దానిదాకా కరెంటే పోవటం లేదు." టార్చి పట్టుకుని బండి కిందికి దూరి, ఒక్కొక్క జాయింటునూ వేళ్ళతో తాకుతూ వెళ్ళాడు. ఇంజను నుంచి ఛాసిస్‌కు వెళ్ళే ఎర్తు పట్టీ దగ్గర ఆగి, "ఇక్కడ చెయ్యి పెట్టు" అన్నాడు. ఛాసిస్ చల్లగా ఉంది. పట్టీ బోల్టు మాత్రం చురుక్కుమంది.

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళాలంటే ఆ పట్టీయే దారి. అక్కడ తుప్పు పట్టింది. దీపాల ఎర్తు నేరుగా ఛాసిస్‌కే కనుక అవి హాయిగా వెలిగాయి. నా మీటరు అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని అడగవలసిన చోట అడగలేదు.

బ్యాటరీ కనెక్షను తీసి, పట్టీని ఉప్పుకాగితంతో రుద్ది, పానాతో బిగించాడు. ఇంజను గిరగిరా తిరిగింది. కానీ అందుకోలేదు.

నాన్న సైలెన్సరు వైపు చూశాడు. పొగ జాడ లేదు. "తెల్లపొగ వస్తే డీజిలు చేరుతోంది గానీ మండటం లేదని. అసలు పొగే లేకపోతే డీజిలే చేరటం లేదని." తర్వాత ఫిల్టరు కింద తడిసిన నేల వైపు చూశాడు. తర్వాత నా వైపు. ఏమీ అడగలేదు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని అణిచితే పుట్టే వేడికే, చిమ్మిన డీజిలు మండుతుంది. కానీ గొట్టంలో గాలి చేరితే పంపు ఎంత నొక్కినా గాలే నలుగుతుంది, డీజిలు చిమ్మదు. నాన్న ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు నా చేతికిచ్చాడు. మొదట నురగ వచ్చింది. బుడగలు ఆగి ధార నిఖార్సుగా వచ్చేదాకా కొడుతూనే ఉన్నాను. ఆ తర్వాత ఇంజెక్టరు గొట్టాల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, తిప్పించి, బిగించాడు. బండి ఒక్కసారి దగ్గి, అందుకుంది.

(ఈనాటి కామన్ రైల్ ఇంజన్ల మీద ఆ చివరి పని ఎవరూ చేయకండి. ఆ గొట్టాల్లో ఒత్తిడి ప్రాణం తీయగలదు. మొదటి ప్రశ్న మాత్రం ఇప్పటికీ అదే.)

మేము చేరేసరికి వేలం సగం అయిపోయింది. నాన్న బత్తాలో కోత పడింది. ఓనరు కారణం అడిగితే నాన్న చెప్పిన జవాబు పక్కనే నిలబడి విన్నాను: "ఎర్తు పట్టీ వదులైందండీ, తర్వాత ఎయిర్ పట్టింది. సరిచేశాం."

ఎయిర్ ఎలా పట్టిందో చెప్పలేదు. ఆ 'సరిచేశాం'లో నన్నెందుకు కలుపుకున్నాడో నేనూ ఇప్పటిదాకా అడగలేదు.