కరుణకు పద్దు రాసేదెవరు?

షామ్‌బర్గ్ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి రోలింగ్ మెడోస్ కోర్టు పరిచయమయ్యేది సాధారణంగా ట్రాఫిక్ టికెట్టు వచ్చినప్పుడే. అదే భవనంలో మానసిక వ్యాధిగ్రస్తుల కోసం ఒక ప్రత్యేక చికిత్సా న్యాయస్థానం నడుస్తుందని తెలిసినవారు తక్కువ. ఈ రెండింటికీ ఒక చిత్రమైన బంధుత్వం ఉండేది. ట్రాఫిక్ నేరాలలో దోషులుగా తేలినవారి నుండి 10 డాలర్ల రుసుము వసూలు చేసి, దానిని ఇటువంటి కోర్టులకు వాడుకోవడానికి ఇల్లినాయ్ చట్టం కౌంటీలను అనుమతించింది. 2019లో ఈ రుసుముల పద్ధతి మొత్తం మారింది. అంతవరకూ గోల్ఫ్ రోడ్డు మీది తొందరపాటు ఎవరి మాత్రలకో ఎంతో కొంత ఆధారమయ్యే అవకాశం ఉండేదన్నమాట!

1997లో ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో ఇటువంటి తొలి కోర్టును నడిపిన న్యాయమూర్తి జింజర్ లెర్నర్-రెన్. ఆ అనుభవాలే ఆమె 2018లో ప్రచురించిన ‘ఎ కోర్ట్ ఆఫ్ రెఫ్యూజ్’. ఇతర కేసుల మధ్య, భోజన విరామ సమయంలో కూర్చుని ఆమె ఆ కోర్టును నడిపారు. ఆర్ద్రమైన పుస్తకమే. అయితే న్యాయమూర్తి ఓర్పు ఒక్కటే చాలదు. మందులు, మనోవైద్యుడు, తలదాచుకొనే గది, వాయిదా గుర్తుచేసే కేస్ మేనేజరు కావాలి. వీటిలో ఏదీ ఉచితం కాదు.

ఫెడరల్ ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. దాని వరస మాత్రం పెళ్ళి ఘనంగా చేసి కాపురం సంగతి మరచిన పెద్దమనిషిది. చట్టం ప్రకారం మొదటి రెండేళ్ళు ఖర్చులో 80 శాతం వరకు, మూడవ ఏడు 60, ఆపై రెండేళ్ళు 25. ఆ తరువాత కౌంటీ తంటాలు కౌంటీవి. ఇల్లినాయ్‌లో 2009 నాటి చట్టంతో ఏర్పడిన ‘అడల్ట్ రీడిప్లాయ్’ పథకం మరో దారి చూపింది. జైలుకు వెళ్ళవలసినవారిలో ఎంచుకున్న వర్గాన్ని 25 శాతం తగ్గిస్తామని మాట ఇచ్చిన కౌంటీలకు రాష్ట్రం డబ్బిస్తుంది.

అసలు భారం మోసేది మెడికెయిడ్. జైలులో ఉన్నవాడి చికిత్సకు అది సాధారణంగా చెల్లించదు. అతడే బయట ఉంటే చెల్లిస్తుంది. 2014 విస్తరణ కింద చేరిన వయోజనుల ఖర్చులో 90 శాతం ఫెడరల్ ఖజానాదే. కాబట్టి రోగిని జైలు గడప దాటించడం కౌంటీకి దయ మాత్రమే కాదు, లెక్క కూడా.

ఈ లెక్కలో ఇమడని మనిషి హెచ్-1బీ మీద వచ్చిన తెలుగు యువకుడు. మతి చెదిరి ఒక రాత్రి పొరుగువారి తలుపు బద్దలుకొట్టాడనుకుందాం. ఉద్యోగం పోతే ఇన్సూరెన్సు పోతుంది. మెడికెయిడ్‌కు అతడు అర్హుడు కాడు. గ్రీన్ కార్డు వచ్చినా, సాధారణంగా అయిదేళ్ళు ఆగాలి. పైగా నేరం ఒప్పుకొని ఈ కోర్టులో చేరితే, చికిత్స ముగిశాక కేసు కొట్టివేసినా, 1996 నాటి నిర్వచనాన్ని అనుసరించి ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో అది శిక్షపడినట్లే కావచ్చు. కరుణతో తెరిచిన తలుపు అతడిని విమానాశ్రయానికి చేర్చగలదు. నేరం ఒప్పుకోకముందే చికిత్సకు మళ్ళించే ఏర్పాటు కోసం లాయరును అడగాలని మన కుటుంబాలలో ఎందరికి తెలుసు? వ్యాధి పేరే బయటకు చెప్పని ఇళ్ళు మనవి.

అటువంటివాడికి మిగిలే దిక్కు స్థానిక పన్ను. ప్రజలు ఓటు వేసి ఒప్పుకుంటే, ఆస్తి విలువలో 0.15 శాతానికి మించకుండా మానసిక ఆరోగ్య పన్ను విధించే అధికారం ఇల్లినాయ్ టౌన్‌షిప్‌లకు ఉంది. ఆ సేవలు స్థానిక నివాసుల కోసమని చట్టంలో ఉంది. ఆ పన్ను ఓటుకు వచ్చినప్పుడు, ఇళ్ళు కొనుక్కుని స్థిరపడి పౌరసత్వం పొందిన మనవాళ్ళ ఓట్లు కూడా అందులో ఉంటాయి.