కత్తిరింపుల్లో లేని వార్త

జిల్లాలో పనిచేసే విలేకరులకిచ్చే ఒక చిన్న అవార్డుకు వచ్చిన దరఖాస్తులు చూసిపెట్టమని మా ముగ్గురికి అప్పగించారు. ఫైళ్లన్నీ దాదాపు ఒక్క తీరుగానే ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లలో రంగుల జిరాక్సులు, శాలువా కప్పించుకున్న ఫొటోలు, పాత సన్మానపత్రాల నకళ్లు. పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన ఫైలు మాత్రం పల్చగా ఉంది. నాలుగైదు కత్తిరింపులు, అన్నీ సింగిల్ కాలమ్‌వే. అడుగున చేతిరాతతో ఒక ముక్క: ‘మిగతావి పుస్తకంలో ఉన్నవి. పుస్తకం ఒక్కటే కాపీ, పంపలేను.’

ఆ పుస్తకం చూడాలనిపించి జగ్గయ్యపేటలో బస్సెక్కాను.

చిల్లకల్లు దాటాక రోడ్డుకు అటూ ఇటూ పత్తి, మిర్చి. ఊరు చేరేసరికి పొద్దువాలింది. పెనుగంచిప్రోలంటే మున్నేరు ఒడ్డు, తిరుపతమ్మ తల్లి గుడి. తిరునాళ్ల రోజుల్లో ఇసక వేస్తే రాలనంత జనం వచ్చే ఊరు, మామూలు రోజు సాయంత్రం నింపాదిగా ఉంది. ఆ విలేకరి గారిది సెంటర్లో జిరాక్సు కొట్టు. వయసు యాభై దాటింది. నేను ఫలానా అని చెప్పగానే కంగారుపడి, “మీరు రావడమేంటి సార్, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా” అన్నారు. రాత్రికి సత్రంలో గది చూపించి, “పొద్దున నాలుగున్నరకి లేవగలిగితే పేపరు బండి దగ్గరకు రండి” అన్నారు.

లేచి వెళ్లాను. విజయవాడ వైపు నుంచి వచ్చిన వ్యాను కట్టలు దింపి, ఆగీ ఆగకుండానే వెళ్లిపోయింది. ఏజెంటు, ఇద్దరు కుర్రాళ్లు అరుగు మీద కూర్చుని మెయిన్ పేపర్లో జిల్లా పేజీలు దూరుస్తున్నారు. పాలకేనుతో వచ్చిన ఒకాయన మెయిన్ పేపరు వంక చూడనైనా చూడలేదు. లోపలి పేపరు లాగి, మన ఊరిది ఏమన్నా పడిందా అని వేలితో వెతుక్కున్నాడు. తెలుగు పత్రికలు ఎక్కడ నిలబడ్డాయో ఆ వేలు చూస్తే తెలుస్తుంది. 1989లో ఈనాడు జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టింది. తర్వాత మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. అప్పటిదాకా రైలు ప్రమాదమో హత్యో జరిగితే తప్ప పేపరుకెక్కని ఊళ్లు, చేతిపంపు చెడిపోయినా పేపరుకెక్కడం మొదలుపెట్టాయి. ఆ వార్తలు పంపేందుకే మండలానికో కంట్రిబ్యూటరు పుట్టాడు.

కొట్టు తెరిచాక ఆయన పుస్తకం ముందు పెట్టారు. అది పొడుగాటి లెక్కల పుస్తకం, అట్ట ఊడి గుడ్డతో కుట్టి ఉంది. ప్రతి పేజీలో ఎడమవైపు మైదా జిగురుతో అంటించిన కత్తిరింపు, దాని నెత్తిన ఎర్ర సిరాతో తేదీ. కుడివైపు గీత గీసి పైన ‘ఫలితం’ అని రాసుకున్నారు. ఆ కుడివైపే నన్ను కట్టిపడేసింది. బడి పైకప్పు పెచ్చులూడుతున్న వార్త పక్కన: ‘ఏఈ వచ్చి చూశారు. పని కాలేదు.’ కింద ఇంకో తేదీ: ‘మళ్లీ రాశా.’ ఇంకా కింద, వేరే సిరాతో: ‘వేసవి సెలవుల్లో స్లాబు పడింది.’ ఏటిలో స్నానానికి దిగి గుంతల్లో మునిగిపోయిన భక్తుల వార్తలు వరసగా అంటించి, పక్కన ‘హెచ్చరిక బోర్డు పెట్టారు’, ‘బోర్డు వరదలో పోయింది’, ‘మళ్లీ రాశా’. కొన్నిచోట్ల ఎడమవైపు కత్తిరింపే లేదు, ‘పంపా, వేయలేదు’ అని ఒక్క మాట. ఒకచోట, ‘నేను రాసింది తప్పు, సవరణ పంపా.’ ఒక మండలం ఇన్నేళ్లు ఎలా బతికిందో ఏ సర్కారు దస్త్రంలోనూ ఇంత నిజాయితీగా దొరకదని నా గట్టి నమ్మకం.

పాత రోజుల్లో వార్త ఎలా పంపేవారని అడిగాను. “కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి సార్. ఫొటో అయితే రీలు మొత్తం పంపాల్సిందే. బస్సు తప్పిపోతే ఆ రోజు మా ఊళ్లో ఏం జరగనట్టే” అన్నారు. తర్వాత ఫ్యాక్సు, ఇప్పుడు సెల్‌ఫోను. రాబడి సంగతి అడగ్గానే మాట తప్పించారు. నేనే చెబుతాను. మండల విలేకరుల్లో చాలామందికి జీతం ఉండదు. అచ్చయిన వార్త పొడవును బట్టి లైన్ అకౌంటు, ప్రకటన తెస్తే కమీషను. రాసే చేతినే ప్రకటనలు కూడా అడుక్కు రమ్మనడం తెలుగు పత్రికారంగం తనకు తాను చేసుకుంటున్న అన్యాయం. ఎవరి మీద రాయాలో వాళ్ల దగ్గరికే పండక్కి శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లాలి. జిరాక్సు కొట్టు ఉండబట్టే తాను నాలుగు వార్తలు నిర్భయంగా రాయగలిగానని మాత్రం ఆయన అన్నారు.

మధ్యాహ్నం ఏటి ఒడ్డుకు వెళ్లాం. మున్నేరు తెలంగాణలో పుట్టి, ఖమ్మం పక్కనుంచి వచ్చి, ఇక్కడి పొలాలు తడిపి కృష్ణలో కలుస్తుంది. 2023 జులైలో ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవే మీదికెక్కి లారీలను ఆపేసింది ఈ ఏరే. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మాన్నీ ఈ ఊరినీ ముంచిందీ ఇదే. ఖమ్మం దగ్గర నీరు 16 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 24 అయితే రెండోది. అక్కడ ముంచిన నీరు ఇక్కడికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే ఏటి ఒడ్డున రైతు మోటారు మిగలడమో పోవడమో తేలుతుంది.

జిల్లా పేజీల్లో ఉన్న చిక్కు ఇక్కడే బయటపడుతుంది. ఖమ్మం నీటిమట్టం ఖమ్మం పేజీలో వస్తుంది. పెనుగంచిప్రోలుకు వచ్చేది విజయవాడ వైపు పేజీ. 2014 తర్వాత ఖమ్మం వేరే రాష్ట్రం కూడా అయింది. ఏటికి ఎడిషను హద్దులు తెలియవు.

ఒడ్డున పచ్చిమిర్చి బస్తాలు కుడుతున్న ఒక రైతును పలకరించి, మీ విలేకరి ఎలాంటివాడని అడిగాను. ఆయన మా పక్కనున్న మనిషిని చూసి నవ్వాడు. “పేపర్లో ఏం రాస్తాడో నేను చదవలేనయ్యా, నాకు చదువు రాదు. కానీ ఓ వరదప్పుడు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. ఖమ్మంలో నీళ్లు పెరుగుతున్నాయి బాబాయ్, మోటార్లు లేపండి అన్నాడు. టార్చిలైట్లు పట్టుకొచ్చి పైపులు విప్పి, తాళ్లు కట్టి లాగాం. మా వరసన ఉన్నోళ్లవి అన్నీ ఒడ్డెక్కినయ్. తెల్లారేసరికి ఈ మోటారు షెడ్డు కనపళ్లేదు.”

ఆ సంగతి పుస్తకంలో ఎక్కడుందని అడిగాను. “అది వార్త కాదుగా సార్. పేపరు అచ్చయ్యేసరికి నీళ్లు వచ్చేస్తాయి. అందుకని ఖమ్మంలో ఉన్న తోటి విలేకరికి ఫోన్ చేసి కనుక్కుంటా, ఇక్కడ చెప్తా. అంతే.”

అంతే అన్నారు గానీ, విలేకరి పని సారమంతా అదేనని నాకనిపించింది. సమాచారం ఎక్కడుందో తెలియడం, అడిగితే చెప్పే మనిషిని సంపాదించుకోవడం, సరిచూసుకోవడం, కావలసినవాడికి వేళకు చేర్చడం. అచ్చుకాగితం ఒక్కటే తక్కువ. మా అవార్డు ఫారంలో అడిగేదేమో ఆ కాగితాన్నే.

మన దేశంలో గుర్తింపులు లేకపోలేదు. ఏటా నవంబరు 16న జాతీయ పత్రికా దినోత్సవం నాడు ప్రెస్ కౌన్సిల్ ఇచ్చే పురస్కారాల్లో గ్రామీణ జర్నలిజానికి ఒక విభాగం ఉంది. ఆంధ్రప్రభ పెట్టిన రామ్‌నాథ్ గోయెంకా పేరిట ఇచ్చే అవార్డుల్లోనూ ప్రాంతీయ భాషలకు చోటుంది. అయితే ఎక్కడైనా పోటీకి వెళ్లేది ఒక పెద్ద కథనం, లేదా ఒక వరస. మండల విలేకరి బలం ఒక కథనంలో ఉండదు, ‘మళ్లీ రాశా’లో ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు, ఊరు తర్వాత ఊరు కదిలిన సంగతి పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, రోజూ మోశాయి. 1993లో సారా నిషేధం వచ్చింది. ఏ ఊరి వార్తను ఆ ఊరి వార్తగా విడదీసి చూస్తే అందులో బహుమతికి పంపేంత పెద్దది బహుశా ఒక్కటీ ఉండదు.

చిన్న ఊరి పత్రికను పెద్ద బహుమతి వెతుక్కుంటూ వెళ్లిన సందర్భాలూ లేకపోలేదు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో స్టార్మ్ లేక్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడి ‘స్టార్మ్ లేక్ టైమ్స్’ అప్పట్లో మూడు వేల కాపీల పత్రిక. ఎగువ పొలాల నుంచి నైట్రేట్లు ఏటిలో కలిసి దిగువ నగరం తాగునీటికి ముప్పు తెస్తున్నాయని దావా పడితే, ఆ పత్రిక ఎగువన ఉండి కూడా తనవాళ్ల పక్షం చూసుకోలేదు. దావాలో ఎగువవాళ్ల ఖర్చులకు వ్యవసాయ కంపెనీల డబ్బు గుట్టుగా ఎలా వస్తోందో బయటపెట్టింది. ఆ సంపాదకీయాలకు ఆర్ట్ కల్లెన్‌కు 2017లో పులిట్జర్ వచ్చింది. అదీ ఎగువ దిగువల గొడవే, ఏటినీళ్ల కథే. మన ప్రాంతానికీ ఆ వారసత్వం కొత్త కాదు. బందరులాంటి ఊళ్లో కూర్చుని ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా కృష్ణాపత్రికను నడిపారు. రాజధాని నుంచి వచ్చే పత్రికే గొప్పదని ఆనాటి పాఠకుడు అనుకోలేదు.

సాయంత్రం బస్సు ఎక్కేముందు, పుస్తకంలోని కొన్ని పేజీలు ఆయన కొట్లోనే జిరాక్సు తీయించుకున్నాను. డబ్బులు తీసుకోనన్నారు. బలవంతాన ఇచ్చాను. “అవార్డు సంగతి ఎలా ఉన్నా, ఖమ్మం నీటిమట్టం వర్షాకాలమంతా రోజూ మా జిల్లా పేజీలో ఒక గడి కట్టి వేయమని మీరెవరికైనా చెప్పగలరా సార్?” అని అడిగారు.

తోటి పరిశీలకులిద్దరికీ రెండు విషయాలు రాసి పంపాను. వచ్చే ఏడాది ఫారంలో కత్తిరింపులతో పాటు ‘ఫలితం’ అనే గడి పెట్టాలి. తుది జాబితాలోకి వచ్చిన ప్రతి విలేకరి ఊరికీ మనలో ఒకరు వెళ్లి, పేపరు చదవలేని పాఠకుణ్ణి కూడా కలిసి రావాలి. ఒకరు సరేనన్నారు. రెండోవారు దారిఖర్చులు ఎవరిస్తారని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే, వచ్చే సమావేశంలో తేల్చాలి. నీటిమట్టం గడి గురించి నాకు తెలిసిన డెస్కులకు ఉత్తరాలు వెళ్లాయి.