మెట్టకు నీళ్లడిగిన ముక్త్యాల కోట

జగ్గయ్యపేట నుంచి దక్షిణంగా ఓ పదిహేను కిలోమీటర్లు వెళితే కృష్ణ ఒడ్డున ముక్త్యాల. వాసిరెడ్డి జమీందార్ల కోట, భవానీ ముక్తేశ్వరస్వామి గుడి... ఈ రెండే ఆ ఊరికి గుర్తులు. కోట అన్నారు కదా అని గోల్కొండను ఊహించుకుంటే నిరాశ తప్పదు. ఇది జమీందారీ కుటుంబం కాపురమున్న ఇల్లు!

ఈ ప్రాంతమంతా వాసిరెడ్డి వారి పేరే వినిపిస్తుంది. ఒకప్పటి బేతవోలును తండ్రి పేరిట జగ్గయ్యపేటగా మార్చింది రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడే. చింతపల్లి వదిలి అమరావతిలో కొలువుదీరిందీ ఆయనే. 1816లో ఆయన కన్నుమూశాక దత్తపుత్రుల తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఆ వంశంలోని ముక్త్యాల శాఖ మాత్రం నదినే నమ్ముకుని ఉండిపోయింది.

నది పక్కనే ఉన్నా నీళ్లు మాత్రం అందవు. అదీ ఇక్కడి చిత్రం! 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి, కింద డెల్టా అంతా వరి పండుతుంటే... పైనున్న నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాలు వాన కోసం ఆకాశంకేసి చూసేవి. కృష్ణ కళ్లెదుటే పారుతున్నా గట్టెక్కదు కదా!

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. శిస్తు కట్టే రైతులు లేరు. ఇక వాళ్ల పొలాల గొడవ తనకెందుకు అనుకోవచ్చు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ అలా అనుకోలేదు. కృష్ణ నీటిని పెన్నాకు మళ్లించే మద్రాసు ప్రభుత్వ పథకాన్ని వ్యతిరేకిస్తూ, నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాల్సిందేనని పట్టుబట్టారు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చేనాటికి నందికొండకు సరైన దారే లేదట. జీపులు వెళ్లడానికి ఊళ్లకు ఊళ్లే కదిలి బాట వేశాయని పెద్దలు చెప్పుకుంటారు. కమిటీ నందికొండకే మొగ్గుచూపింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అదే నాగార్జునసాగర్. 1967లో కాలువలకు నీళ్లొదిలారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి ఈ మెట్టకు చేరింది. కాలువ చివరి పొలాలు కావడంతో ఇక్కడి రైతులకు నీటికి ఎదురుచూపులు మాత్రం పూర్తిగా తప్పలేదు.

2022 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. సున్నపురాయి నేల కావడంతో చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. ముక్తేశ్వరుడి గుడికి కార్తికంలో భక్తుల తాకిడి ఎక్కువ. 2016 పుష్కరాలకు ఇక్కడా ఘాట్లు కిటకిటలాడాయి. స్నానం ముగించి తలెత్తితే కోట. దాని యజమాని పేరు ఆనకట్ట మీద లేదు గానీ, ఎడమ కాలువ శాఖల్లో ఒకదాన్ని ఇప్పటికీ ముక్త్యాల బ్రాంచి కాలువ అనే పిలుస్తారు.