టైరు పెద్దదైతే సరిపోదు బావా!

కొత్తగూడెం వాళ్లకి పెద్ద టైర్లు వింతేం కాదు. సింగరేణి ఓపెన్ కాస్టుల్లో తిరిగే డంపర్ టైరు పక్కన నిలబడితే ఎంత పొడుగు మనిషైనా పొట్టిగానే కనిపిస్తాడు. అలాంటి ఊళ్లో పెరిగినవాళ్లు థార్ కొన్నాక కంపెనీ టైర్లతో సరిపెట్టుకుంటారా? మా బావా అంతే.

బావకి దమ్మపేట దగ్గర పామాయిల్ తోట ఉంది. వానాకాలంలో తోటకెళ్లే దారి దారిలా ఉండదు, దుక్కి దున్నిన మడిలా ఉంటుంది. అక్కా, ఇద్దరు పిల్లలూ అదే బండిలో తిరుగుతారు. ఓ రోజు నాకు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. 285/70 ఆర్17 టైర్లు, వాటికి 10 అంగుళాల వెడల్పు అల్లాయ్ వీల్స్. కింద ఒకే ముక్క: "ఎట్లున్నయ్ బామ్మర్దీ?"

చూడ్డానికి అదిరిపోయాయి. కానీ ఇంజనీరింగ్ చదివిన బామ్మర్దికి ఫొటో పంపితే లైకు రాదు, లెక్కలొస్తాయి.

ముందు ఆ నంబర్ల సంగతి చూద్దాం. 285 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే సైడ్‌వాల్ ఎత్తు, ఆ వెడల్పులో 70 శాతం. 17 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఇందులో ఎక్కడా కనిపించనిది రిమ్ము వెడల్పు. చాలామంది పప్పులో కాలేసేది అక్కడే. ఈ సైజు టైరుకి సాధారణంగా కంపెనీలు ఒప్పుకునే రిమ్ము వెడల్పు 7.5 నుంచి 9 అంగుళాలు. బావ చూపించిన 10 ఆ గీత దాటేసింది.

ఇంకో చిన్న విషయం. రిమ్ము వెడల్పుని బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవకూడదు. టైరు కూర్చునే లోపలి అంచుల మధ్య కొలవాలి. టేపు పెట్టి బయట కొలిస్తే దాదాపు ఓ అంగుళం ఎక్కువ వస్తుంది.

"వెడల్పుంటే గ్రిప్ ఎక్కువే కదా" అన్నాడు బావ. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ రిమ్ము మరీ వెడల్పైతే సైడ్‌వాల్ రెండు పక్కలకీ లాగినట్టు నిటారుగా సాగిపోతుంది. మామూలుగా ఉబ్బుగా ఉండి రిమ్ముకి అడ్డుగా నిలిచే రబ్బరు ఇక ఉండదు. రాయి తగిలితే దెబ్బ నేరుగా రిమ్ముకే.

అసలు భయం వేరే ఉంది. బురదలో దిగేటప్పుడు గాలి తగ్గిస్తారు. 18, 20 పీఎస్ఐకి దింపితే టైరు పరుచుకుని నేలని ఎక్కువగా పట్టుకుంటుంది. అప్పుడు టైరు అంచుని, అంటే బీడ్‌ని, రిమ్ముకి అదిమి ఉంచే ఒత్తిడి కూడా తగ్గుతుంది. రిమ్ము అతి వెడల్పుగా ఉంటే, ఓ పక్కకి గట్టిగా తిప్పినప్పుడు బీడ్ ఊడే ప్రమాదం పెరుగుతుంది. ట్యూబ్‌లెస్ టైరు కదా, బీడ్ ఊడితే గాలంతా ఒక్కసారే పోతుంది. చీకటి పడ్డాక, వానలో, పిల్లలు వెనక సీట్లో ఉండగా ఆ పని జరిగితే? బావ సైలెంట్ అయ్యాడు.

అలాగని మరీ సన్నటి రిమ్ము కూడా మంచిది కాదు. బీడ్ గట్టిగా కూర్చుంటుంది, రిమ్ముకి రక్షణా ఉంటుంది. కానీ తారు రోడ్డు మీద టైరు నడుమ ఉబ్బి, మధ్యభాగం త్వరగా అరుగుతుంది. మలుపుల్లో బండి ఊగినట్టుంటుంది.

మరి ఎంత? మన రోడ్ల మీద బొగ్గు మోసిన పాత లారీలే జవాబు చెబుతాయి. 10.00-20 టైరు వెడల్పు సుమారు 10 అంగుళాలు, దాని రిమ్ము 7.5. అంటే ముప్పావు వంతు. 285 మిల్లీమీటర్లంటే 11.2 అంగుళాలు. అందులో ముప్పావు వంతు 8.4. ఈ టైరుని కంపెనీలు కొలిచే రిమ్ము 8.5! గుర్తుపెట్టుకోవడానికి ఇది చాలు. కొనే ముందు మాత్రం టైరు కంపెనీ పట్టిక చూడాల్సిందే. రోడ్డు వాడకం ఎక్కువైతే ఆ పట్టిక మధ్యలో, బురదా రాళ్లూ ఎక్కువైతే కాస్త తక్కువ వైపు.

ఆఫ్‌సెట్ కూడా మర్చిపోవద్దు. అదే ఆఫ్‌సెట్‌తో 8.5 నుంచి 10కి వెళ్తే, రిమ్ము లోపలికి 19 మి.మీ., బయటికి 19 మి.మీ. పెరుగుతుంది. లోపల సస్పెన్షన్‌కి రాసుకోవచ్చు. అది తప్పించాలని ఇంకా బయటికి జరిపితే బేరింగ్‌ల మీద భారం, స్టీరింగ్ లాగడం.

ఇంత చేస్తే వచ్చే లాభమెంత? 255/65 ఆర్18 టైరు ఎత్తు సుమారు 789 మి.మీ. ఈ కొత్తది 831. బండి లేచేది అందులో సగం, 21 మి.మీ. పైగా స్పీడోమీటర్ 80 చూపిస్తే అసలు వేగం 84 దాటుతుంది.

చివరిది చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది ఇదే కావొచ్చు. ఇంకోటి, ఎంత మంచి టైరైనా కిన్నెరసాని అభయారణ్యంలో అనుమతి లేకుండా బండి దింపడానికి లైసెన్సు కాదు.

బావ రెండ్రోజులు ఆలోచించాడు. కంపెనీ రిమ్ములే ఉంచి, అదే 255/65 ఆర్18లో ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాడు. మిగిలిన డబ్బుతో చిన్న కంప్రెసర్, ప్రెజర్ గేజ్, లాగే తాడు కొన్నాడు. తోటలో గాలి తగ్గిస్తాడు, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ కొడతాడు. మొన్నటి వానల్లో అక్కనీ పిల్లల్నీ తోట దాకా తీసుకెళ్లి, మోకాలి లోతు బురదలోంచి బయటికొచ్చి వీడియో పంపాడు.

కింద మెసేజ్: "బండి బాగుంది గానీ, లుక్ రాలేదు బామ్మర్దీ." దానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు.